లేని ఎండాకాలం

ముందు నా చొక్కా జేబు చూడండి సార్.
మూడు కంపెనీల బిళ్ళలు
కుట్టి, విప్పి, మళ్ళా కుట్టిన జేబు.
టెండరు మారినప్పుడల్లా పాతూర్లో టైలరు కుళ్ళాయప్ప
బ్లేడుతో ఒక పేరు కోసేసి ఇంకో పేరు అతికిస్తా
"గుడ్డ అదేనప్పా, సూది బొక్కలే ఎక్కువైతాండాయి" అనేటోడు.
అనంతపురం పెద్దాసుపత్రి గేటుకాడ
నా ఏడేండ్ల సర్వీసు
ఆ బొక్కల్లో లెక్కపెట్టుకోవచ్చు.

విజిలు అదే.
లాఠీ అదే, చివర పొన్ను ఊడిపోయింది.
గేటూ అదే, తుప్పుకు కుంగి సగమే మూసుకుంటుంది,
తక్కిన సగం నేను.

నెలనెలా పద్నాలుగు వందల నలభై
పీఎఫ్ అని పట్టుకుంటిరే, అది యాడికి పోయిందని
లేబరాఫీసులో తెల్లకాయితం మీద రాసిచ్చినా.
అడిగింది అంతే.
వారం తిరక్కముందే సెల్లులో సూపర్వైజరు నాలుగు మాటలు:
రేపట్నుంచి నువ్వు డ్యూటీకి రావొద్దు.
నోటీసు లేదు, నెల జీతం లేదు.
కింద మాత్రం దండం పెట్టే బొమ్మ ఒకటి.

వకీలు షంషాద్ మేడమ్ ఫీజు మాట ఎత్తకుండా
కళ్ళద్దాలు నొసటికి తోసి అడిగింది:
ఏడాదిలో రెండు వందల నలభై దినాలు
పని చేసినట్టు చూపించు, చట్టం నీ పక్కన నిలబడుతుంది.
నాకు నవ్వొచ్చింది.
రెండు వందల నలభై దినాలు ఇంట్లో పండుకున్నట్టు
చూపించమంటేనే కష్టం మేడమ్, అన్నా.

కంపెనీ రిజిస్టరు వచ్చింది కోర్టుకు.
దాంట్లో నేను ఏటా మార్చి ఒకటిన మాయమైపోతా.
జూలై నడుమ మళ్ళా పుడతా, కొత్తోని మాదిరి.
ఎండాకాలమంతా లేను.
నలభై మూడు డిగ్రీల్లో గేటు ఇనుము ముట్టుకుంటే
చెయ్యి బొబ్బలెక్కిందే, ఆ చెయ్యి ఎవరిది?
ఆ నెలల్లో జీతం చేతికే ఇచ్చేవాళ్ళు,
చీటీ లేదు, సంతకం లేదు.
పీఎఫ్ కోత తప్పిందని సంబరపడినా కూడా.
నా తెలివి అంత.

అప్పుడు మతికొచ్చినావు నువ్వు, పెద్దాయనా.

మే పంతొమ్మిది, రాత్రి పదకొండు దాటింటుంది.
బస్టాండు నుంచి ఆటోలో తెచ్చి
స్ట్రెచరు లేదంటే నా భుజం మీద వేసినారు నిన్ను.
వడదెబ్బ.
ఆకుపచ్చ అంచు పంచె, నడుముకు వక్కాకు సంచి,
ముంజేతి మీద పచ్చబొట్టు తేలు.
వరండా దాటేలోపలే నువ్వు బరువెక్కినావు.
ఔట్‌పోస్టు కానిస్టేబులు చుట్టూ చూసి
ఎవరూ లేకపోతే, నువ్వే పెట్టప్పా సంతకం, అన్నాడు.
గుర్తు తెలియని మగ శవం. తెచ్చి అప్పగించినది:
పెన్నోబులేసు, గేటు సెక్యూరిటీ.
పక్కన తారీకు, టైము, ఆసుపత్రి ముద్ర.

నీకోసం ఎవురన్నా వస్తారేమోనని మూడు దినాలు
గేటు దాటే ప్రతి ఆడమనిషి మొగం చూసినా.
రాలేదు.
మున్సిపాలిటీ బండెక్కించేటప్పుడు వక్కాకు సంచి జారితే
తీసి నీ రొమ్ము మీద పెట్టినా. అంతే నేను నీకు చేసింది.

మొన్న కోర్టులో ఆ కాయితం చదివినారు.
మేడమ్ సమాచార హక్కు కింద అర్జీ పెట్టి
నాలుగు నెలలు తిరిగి తెప్పించింది.
నీ తేలును కూడా చదివినారు, పెద్దగా.
కంపెనీ వకీలు నీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండా పెట్టినాడు.
నేను లేని ఎండాకాలంలో
నేనున్నానని చెప్పేది లోకంలో నువ్వొక్కనివే,
నీ పేరేమో నాకు తెల్దు.

గెలిచేసినామని కాదు, పెద్దాయనా.
వాయిదా పద్నాలుగో తారీకుకు పడింది.
తిరిగొస్తా గేటుకాడ ఆగినా.
కొత్త పిల్లగాడు, మీసం ఇంకా సరిగా రాలేదు,
జేబు మీద నాలుగో కంపెనీ బిళ్ళ మెరుస్తాంది,
మెడలో నా విజిలు.
ఎవరు కావాలన్నా? అన్నాడు.
ఎవరూ వద్దులే అని
కొనుక్కొచ్చిన రెండు వందల పేజీల నోటుబుక్కు
వాని చేతిలో పెట్టినా.
ఎల్లుండి మార్చి ఒకటి.
వచ్చిన టైము, పోయిన టైము రాసుకో నాయనా,
నీ చేత్తో,
ఎండాకాలం మొత్తం.